పిరేయస్ నుంచి క్రీట్‌కు రాత్రి ఓడ: ప్రయాణానుభవం, ప్రణాళిక

గ్రీసు దీవులన్నింటిలోకీ పెద్దదైన క్రీట్‌కు ఏథెన్స్ నుంచి విమానంలో గంట లోపే చేరుకోవచ్చు. అయినా గత సెప్టెంబరులో నేను, నా భార్య, అరవై ఎనిమిదేళ్ల మా అమ్మ కలిసి రాత్రి తొమ్మిది గంటలకు ఏథెన్స్ పక్కనే ఉన్న పిరేయస్ రేవులో ఓడ ఎక్కి, మర్నాడు తెల్లవారేసరికి హెరాక్లియన్‌లో దిగాము. పది రోజుల తర్వాత, ముందుగా అనుకోకపోయినా, మళ్లీ అలాంటి ఓడలోనే వెనక్కి వచ్చాము. ఈ రెండు రాత్రుల అనుభవంతో ఈ సేవను మనస్ఫూర్తిగా సిఫారసు చేస్తున్నాను. అయితే ఏ తరగతి టికెట్ కొనాలన్న విషయంపై ఎంత ఆలోచిస్తామో, ఏ రేవులో దిగాలి, తిరుగు ఓడకూ స్వదేశానికి వెళ్లే విమానానికీ మధ్య ఎంత వ్యవధి ఉంచాలి అన్న విషయాలపై అంతకంటే ఎక్కువగా ఆలోచించాలని చెప్పడానికే ముఖ్యంగా ఇది రాస్తున్నాను.

ముందు రేవు సంగతి. క్రీట్ తూర్పు పడమరలుగా దాదాపు 260 కిలోమీటర్ల పొడవున్న దీవి. అందువల్ల 'క్రీట్‌కు టికెట్' అని అడిగితే ఆ మాటకు అర్థం ఉండదు; ఉత్తర తీరంలోని ఏ రేవుకు అన్నది చెప్పాలి. పిరేయస్ నుంచి ఏడాది పొడవునా రాత్రిళ్లు ఓడలు నడిచేవి ప్రధానంగా రెండు రేవులకు: దీవి నడిమధ్యన ఉన్న హెరాక్లియన్‌కు, పడమటి వైపున ఉన్న హన్యాకు. క్నోసోస్ శిథిలాలు, క్రీట్‌లో వెలసిన ప్రాచీన మినోవన్ నాగరికత వస్తువులున్న పురావస్తు మ్యూజియం చూడాలనుకునేవారికి హెరాక్లియన్ అనువైనది. క్నోసోస్ అక్కడికి ఐదు కిలోమీటర్ల దూరమే, సిటీ బస్సులో వెళ్లవచ్చు. సమరియా లోయ, బాలోస్, ఎలఫోనీసి తీరాలు చూడాలనుకునేవారు హన్యాలో దిగాలి. ఒకచోట దిగి రెండోచోటికి వెళదామనుకుంటే ఉత్తర తీరపు రహదారి మీద కేటెల్ అనే దూరప్రాంతపు బస్సులో సుమారు మూడు గంటలు పడుతుంది. రాత్రంతా ఓడలో గడిపి తెల్లవారి దిగినవారికి, అందులోనూ పెద్దవాళ్లు వెంట ఉన్నవారికి, ఆ మూడు గంటలు చాలా భారమనిపిస్తాయి. సీతియా, కీసమోస్ అనే చిన్న రేవులు కూడా ఉన్నాయి కానీ వాటికి వచ్చే ఓడలు వారంలో కొద్దిసార్లే కాబట్టి మొదటిసారి వెళ్లేవారు వాటి జోలికి పోకపోవడం మంచిది.

పేర్ల విషయంలో కూడా ఒక జాగ్రత్త అవసరం. ఇంగ్లీషు అక్షరాలను చూసి మేము మొదట్లో 'చానియా' అని పలికాము; ఎవరికీ అర్థం కాలేదు. దాన్ని 'హన్యా' అనాలి. హెరాక్లియన్‌ను స్థానికులు 'ఇరాక్లియో' అంటారు, పిరేయస్‌ను 'పిరేయాస్' అంటారు. ఇంకొక సంగతి ఏమిటంటే, హన్యా అని టికెట్ మీద ఉన్నా ఓడ ఆగేది ఊళ్లో కాదు, ఏడు కిలోమీటర్ల అవతల ఉన్న సూదా రేవులో. అక్కడి నుంచి ఊళ్లోకి బస్సులుంటాయి. హెరాక్లియన్‌లో ఈ ఇబ్బంది లేదు. రేవు గేటు దాటితే బస్ స్టేషను కనిపిస్తుంది, ఊరి నడిబొడ్డుకు నడిచే వెళ్లవచ్చు. అమ్మ నడకను దృష్టిలో పెట్టుకుని మేము హెరాక్లియన్‌ను ఎంచుకోవడానికి అదే కారణం.

ఈ మార్గంలోని ఓడలు మిగతా దీవులకు వెళ్లే చాలా ఓడల కంటే పెద్దవిగా, పటిష్ఠంగా ఎందుకుంటాయో తెలియాలంటే కొంత చరిత్ర చెప్పుకోవాలి. 1966 డిసెంబరు 7 రాత్రి సూదా నుంచి పిరేయస్‌కు బయలుదేరిన 'హెరాక్లియన్' అనే ఓడలో, భీకరమైన గాలుల మధ్య, కట్లు తెగిన ఒక ట్రక్కు వాహనాల తలుపును బద్దలు కొట్టింది. ఓడలోకి నీరు చేరి 8వ తేదీ తెల్లవారకముందే ఫాల్కొనేరా అనే చిన్న దీవి దగ్గర అది మునిగిపోయింది. 200 మందికి పైగా చనిపోయారు. ఆ దుఃఖంలోంచే 1967లో హన్యా ప్రజలు తలా కొన్ని వాటాలు కొని ఆనెక్ అనే సొంత ఓడల కంపెనీని పెట్టుకున్నారు. 1972లో హెరాక్లియన్‌లో మినోవన్ లైన్స్ అనే మరో ఓడల కంపెనీ ఏర్పడింది. ఆనెక్ 2023లో అట్టికా గ్రూపు అనే పెద్ద ఓడల సంస్థలో విలీనమైంది. ఈ కథ ముందే చదివి ఉండటం వల్ల, పిరేయస్‌లో ఓడ ఎక్కుతున్నప్పుడు కింది అంతస్తులో నిలబడి కాసేపు ట్రక్కులను కట్టే పని చూశాను. ఒక్కొక్క ట్రక్కు వెనక్కి నడుచుకుంటూ లోపలికి వస్తుంటే పనివాళ్లు 'ఎలా, ఎలా' అని కేకలు వేస్తూ, అంటే రా రా అని పిలుస్తూ, బెత్తెడు సందులో దాన్ని నిలబెట్టి, చక్రాల కింద అడ్డు చెక్కలు పెట్టి, నేలలోని కొక్కేలకు గొలుసులు బిగించారు. బిగించిన ప్రతి గొలుసునూ కాలితో తన్ని చూసుకుని గానీ రెండో ట్రక్కు దగ్గరికి వెళ్లలేదు. ఆ ఒక్క దృశ్యం ఆ రాత్రి నాకు ఇచ్చిన ధైర్యం ఇంతా అంతా కాదు.

ఇక టికెట్లు. అన్నింటికంటే చవకైనది డెక్ టికెట్. పేరు డెక్ అయినా ఆరుబయటే కూర్చోవాలని కాదు, లోపలి హాళ్లలో ఖాళీగా ఉన్న సోఫాల మీద ఎక్కడైనా కూర్చోవచ్చు. కాస్త ఎక్కువ పెడితే విమానం సీటులాంటి నంబరు సీటు వస్తుంది. ఆపైన నలుగురి క్యాబిన్లో ఒక బెర్తు, ఇద్దరి క్యాబిన్, కిటికీ ఉన్న క్యాబిన్ అని వరుసగా పెరుగుతూ పోతుంది. యువకులు డెక్ టికెట్ కొనుక్కుని, నేల మీద పరుపు పరుచుకుని నిశ్చింతగా నిద్రపోవడం చూశాను. కానీ నా అభిప్రాయం మాత్రం స్పష్టంగా చెబుతాను: రాత్రి ప్రయాణంలో నంబరు సీటుకు డబ్బు పెట్టడం వృథా. ఆ హాలులో రాత్రంతా టీవీ మోగుతూనే ఉంది, ఏసీ చలి ఎముకలు కొరికేలా ఉంది, సీటు సగమే వాలుతుంది. అయితే డెక్ టికెట్‌తో సర్దుకోవాలి, లేకపోతే క్యాబిన్ తీసుకోవాలి, మధ్యేమార్గం వద్దు. మాకు క్యాబిన్ బెర్తు ఒక్కొక్కరికి డెక్ టికెట్‌కు దాదాపు రెట్టింపు పడింది. కానీ ఒక రాత్రి హోటలు ఖర్చు మిగిలింది కాబట్టి లెక్క సరిపోయింది.

టికెట్ మీద పేర్లు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. అంతకంటే ముఖ్యంగా, సంప్రదించాల్సిన ఫోన్ నంబరు గడిలో ఎవరి నంబరు ఉందో చూసుకోవాలి. ఈ మాట ఎందుకంటున్నానో తిరుగు ప్రయాణం దగ్గర చెబుతాను. ఏథెన్స్‌లో కారు అద్దెకు తీసుకుని దాంతోనే దీవికి వెళదామనుకునేవారు అద్దె ఒప్పందం జాగ్రత్తగా చదవాలి. రాతపూర్వక అనుమతి లేకుండా కారును ఓడ ఎక్కించకూడదని చాలా సంస్థల షరతు. దీవిలో దిగాక అక్కడే అద్దెకు తీసుకోవడం సులువు. ఆగస్టు 15న వచ్చే మరియమాత పండుగకు అటూ ఇటూ, ఆర్థడాక్స్ ఈస్టర్‌కు ముందూ వెనకా ఏథెన్స్ జనం దీవులకు తరలి వెళతారు కాబట్టి ఆ రోజుల్లో క్యాబిన్లు ఎంతో ముందుగానే నిండిపోతాయి. సెప్టెంబరులో మాకు మూడు వారాల ముందు కూడా కోరుకున్న క్యాబిన్ దొరికింది.

పిరేయస్ చేరుకోవడం ఇప్పుడు మునుపటికంటే తేలిక. 2022 అక్టోబరు నుంచి మెట్రో మూడో లైను విమానాశ్రయం నుంచి నేరుగా పిరేయస్ దాకా నడుస్తోంది. మారాల్సిన పని లేకుండా సుమారు గంటలో చేరుకుంటాము. అర్ధరాత్రి దిగేవారికి ఎక్స్-96 బస్సు రాత్రీ పగలూ ఉంటుంది. అసలు శ్రమ రేవులోకి వచ్చాకే మొదలవుతుంది. పిరేయస్ అంటే ఒక రేవు కట్ట కాదు. ఈ-1 నుంచి ఈ-12 దాకా గేట్లతో పెద్ద గుర్రపు నాడాలా వంగి ఉన్న తీరం. క్రీట్ ఓడలు సాధారణంగా ఈ-2, ఈ-3 గేట్ల వైపున ఆగుతాయి. మెట్రో స్టేషను నుంచి పెట్టెలు లాక్కుంటూ అక్కడికి నడవాలంటే పావుగంటకు పైనే పడుతుంది. రేవు లోపల ఉచితంగా తిప్పే బస్సు ఉందన్న సంగతి మాకు ముందే తెలుసు కాబట్టి రోడ్డు దాటి, గేటు లోపలికి వెళ్లి, దానికోసం నిలబడ్డాము. టాక్సీ వాళ్లు ఎంత పిలిచినా ఎక్కలేదు. బయలుదేరే సమయానికి గంటన్నర ముందే ఓడ దగ్గరికి చేరడం వల్ల లిఫ్టు దగ్గర తొక్కిసలాట లేకుండా అమ్మను పైకి తీసుకువెళ్లగలిగాము.

ఓడ లోపలికి వెళ్లే దారి వెనక వైపు తెరిచి ఉన్న ఇనుప ర్యాంపు మీదుగానే. ట్రక్కులు, కార్లు, మోటారు సైకిళ్లు, మనుషులు అందరూ ఒకే నోట్లోంచి లోపలికి వెళతారు. డీజిలు వాసన, ఇనుము మోత. పక్కనే ఎస్కలేటరు ఎక్కి రెండంతస్తులు పైకి వెళ్లేసరికి తివాచీలు, ఇత్తడి చట్రాల అద్దాలు, రిసెప్షను కౌంటరు కనిపించి, ఇది అదే ఓడేనా అనిపించింది. అక్కడ టికెట్ చూపిస్తే తాళం కార్డు ఇచ్చారు. ఒక సిబ్బంది ఆయన అమ్మ చేతిలోని సంచి అడగకుండానే అందుకుని క్యాబిన్ దాకా తీసుకొచ్చి పెట్టి వెళ్లాడు.

మాది కిటికీ లేని నలుగురి క్యాబిన్, ముగ్గురమే ఉన్నాము. కింద రెండు బెర్తులు, పైన గోడకు మడిచే బెర్తులు రెండు, నిచ్చెన, తెల్లని దుప్పట్లు, అలమరలో లైఫ్ జాకెట్లు, స్నానాల గది. ఆ గది గడప జానెడు ఎత్తుగా ఉంటుంది; ఓడ ఊగినప్పుడు నీళ్లు బయటికి రాకుండా అలా కడతారు. పెద్దవాళ్లకు దాని గురించి ముందే చెప్పి ఉంచాలి, చీకట్లో కాలు తగులుతుంది. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, వేడి నీళ్లు ధారగా వచ్చాయి. స్నానాల గది తలుపు గడియ మాత్రం సరిగా పడలేదు. అలల ఊపుకు అర్ధరాత్రి టపటపా కొట్టుకుంటుంటే తువ్వాలు మడిచి సందులో కుక్కాము. రిసెప్షనులో చెబితే నవ్వి ఊరుకున్నారు తప్ప ఎవరూ వచ్చి చూడలేదు. ఇంత డబ్బు తీసుకునే క్యాబిన్లో అది చిన్న లోపం అనుకోను.

భోజనం గురించి అమ్మకు దిగులు ఉండేది, ఎందుకంటే ఆమె శాకాహారి. ఆ దిగులు అక్కర్లేకపోయింది. సెల్ఫ్ సర్వీస్ హాలులో ఆలివ్ నూనెలో మగ్గబెట్టిన బీన్సు, టొమాటో రసంలో ఉడికిన పెద్ద గింజల చిక్కుడు, అన్నం కూరిన టొమాటోలు, బెంగుళూరు మిరపకాయలు వేడివేడిగా ఉన్నాయి. నూనెలో వండే ఇలాంటి కూరగాయల వంటలను గ్రీకులు 'లదెరా' అంటారు, ఇవి వారికి ఉపవాస దినాల ఆహారం కూడా. కూరిన వాటిలో కొన్నిసార్లు కొట్టిన మాంసం కలుపుతారు కాబట్టి 'హోరిస్ క్రేయాస్' అని, అంటే మాంసం లేకుండా అని, అడిగి తీసుకోవాలి. అమ్మ ఆ టొమాటోను గరిటెతో విడదీసి చూసి, "మన గుత్తి వంకాయ పద్ధతేరా ఇది, మసాలా తక్కువ అంతే," అని ఇష్టంగా తిన్నది. ధరలు బయటి హోటళ్ల కంటే కొంత ఎక్కువే, అయినా అన్యాయం కాదు. నీళ్ల సీసాలు మాత్రం రేవులోనే కొనుక్కుని ఎక్కడం నయం.

తొమ్మిది గంటలకు ఓడ కదిలినప్పుడు అందరమూ పై డెక్ మీదకు వెళ్లాము. పిరేయస్ దీపాలు కొండల మీదుగా వెనక్కి జరుగుతూ చాలాసేపు కనిపించాయి. అమ్మ కమ్మీ పట్టుకుని చలిలో అరగంట అలాగే నిలబడింది. విమానంలో ఈ దూరం దూరంగా అనిపించదు. ఓడలో మాత్రం ఒక భూమిని వదిలి ఇంకొక భూమికి వెళుతున్నామని మనసుకు అర్థమయ్యేంత సమయం దొరుకుతుంది. ఈ మార్గాన్ని నేను ఇష్టపడటానికి డబ్బు మిగలడం కంటే అదే పెద్ద కారణం.

తెల్లవారుజామున ఐదింటికే లౌడ్‌స్పీకర్లో ప్రకటన మోగింది. ఓడ రేవుకు చేరడానికి ఇంకా గంట ఉన్నా క్యాబిన్లు ఖాళీ చేయమని సిబ్బంది తలుపులు తట్టారు. ఇది తప్పదు, ముందురోజే త్వరగా పడుకోవాలి. ఆరు దాటాక దిగేసరికి వెనీసు వాళ్లు కట్టిన కూలెస్ కోట చీకట్లోంచి అప్పుడప్పుడే తేలుతోంది. ఆ వేళకు ఏ హోటలూ గది ఇవ్వదు కాబట్టి, సామాను మాత్రం అక్కడ పెట్టి వెళ్లడానికి వీలుంటుందేమో ముందే రాసి కనుక్కోవాలి. మేము అలా కనుక్కుని, పెట్టెలు అక్కడ వదిలేసి, సింహాల ఫౌంటెన్ ఉన్న కూడలిలో బుగాత్సా తింటూ ఎండ ఎక్కేదాకా కూర్చున్నాము. పల్చని పొరల మధ్య వెచ్చటి మీగడ లాంటి తీపి కూరి, పైన దాల్చిన పొడి చల్లి ఇస్తారు. రాత్రి ఓడ దిగినవారికి దానికి మించిన ఉపాహారం లేదు.

క్రీట్ చేరిన తర్వాత కూడా ఓడలతో పని తీరదని చాలామంది గమనించరు. దక్షిణ తీరంలో కొన్ని ఊళ్లకు రోడ్డే లేదు. పదహారు కిలోమీటర్ల సమరియా లోయ నడిచి దిగేవారు చేరే అగియా రూమేలి నుంచి హోరా స్ఫకియోన్‌కో సూగియాకో పడవ ఎక్కాలి, అక్కడి నుంచే బస్సు దొరుకుతుంది. ఆ సాయంత్రపు పడవ తప్పితే రాత్రి అక్కడే ఉండిపోవాలి. మేము లోయలోకి వెళ్లలేదు కానీ హోరా స్ఫకియోన్ నుంచి లూత్రో అనే తెల్లని ఊరికి అలాంటి చిన్న పడవలోనే వెళ్లి వచ్చాము.

ఇక తిరుగు ప్రయాణం. మా ప్రణాళిక ప్రకారం హెరాక్లియన్ నుంచి వేగంగా నడిచే కాటమరాన్ అనే తేలికపాటి ఓడలో రెండు గంటల్లో శాంటోరిని దీవికి వెళ్లి, రెండు రాత్రులుండి, ఏథెన్స్ చేరాలి. ఆ ఉదయం పెట్టెలతో సహా రేవుకు వెళితే కట్ట మీద ఓడ లేదు, జనం లేరు. టికెట్ కిటికీ దగ్గర ఉన్న పెద్దాయన సముద్రం వైపు చేయి చూపించి 'అపగోరెఫ్తికో' అన్నాడు. గాలి ఎక్కువైనప్పుడు ఓడలు బయలుదేరకూడదని తీర రక్షక దళం ఇచ్చే ఉత్తర్వు అది. గాలి బలాన్ని బోఫోర్ట్ అంకెల్లో కొలుస్తారు. తేలికైన కాటమరాన్లను ముందుగా ఆపుతారు, బరువైన మామూలు ఓడలు ఇంకా ఎక్కువ గాలి దాకా నడుస్తాయి. ఎజియన్ సముద్రం మీద జులై, ఆగస్టుల్లో ఉత్తరం నుంచి వీచే మెల్తెమి గాలికి ఈ ఉత్తర్వులు మామూలే, సెప్టెంబరులోనూ అప్పుడప్పుడు వస్తాయి.

ప్రకృతి మీద నాకు ఫిర్యాదు లేదు. మా కష్టమంతా మాకు టికెట్లు అమ్మిన ఆన్‌లైన్ సంస్థతోనే. రద్దయిన సంగతి ఓడ కంపెనీ ముందురోజు సాయంత్రమే సందేశం పంపిందట. కానీ ఆ అమ్మకపు సంస్థ టికెట్‌లో మా ఫోన్ నంబరుకు బదులు తన నంబరు పెట్టుకుంది, వచ్చిన సందేశాన్ని మాకు చేర్చలేదు. రాత్రే తెలిసి ఉంటే హోటలు గది ఇంకో రోజుకు పొడిగించుకునేవాళ్లం, అమ్మను ఆ గాలిలో రెండు గంటలు కూర్చోబెట్టే అవసరం వచ్చేది కాదు. టికెట్ డబ్బు తర్వాత వెనక్కి వచ్చింది. వారి సేవా రుసుము మాత్రం రాలేదు. అందుకే ఇప్పుడు నేను అందరికీ చెప్పేది, వీలైనంతవరకు ఓడ కంపెనీ దగ్గరే కొనండి, లేదా టికెట్ రాగానే ఫోన్ నంబరు గడి చూడండి అని.

ఐరోపా సమాఖ్య 1177/2010 నిబంధన ప్రకారం ఓడ రద్దయితే మరో ఓడలో పంపమనీ, లేదా డబ్బు వెనక్కి ఇవ్వమనీ ప్రయాణికులు కోరవచ్చు. ఆ ఎంపిక మనది. ఎనిమిది గంటలకు మించిన రాత్రి ప్రయాణంలో ఓడ మూడు గంటలు ఆలస్యంగా చేరితే టికెట్ ధరలో 25 శాతం, ఆరు గంటలు దాటితే 50 శాతం పరిహారం అడగవచ్చు. అయితే కారణం వాతావరణమైతే ఈ పరిహారం గానీ, హోటలు ఖర్చు గానీ ఇవ్వనక్కర్లేదు. దీనికి తోడు నావికుల సమ్మెలు కూడా ఉంటాయి. మే 1న ఓడలు రేవుల్లోనే ఉండిపోవడం అక్కడ ఆనవాయితీ.

శాంటోరిని వదులుకుని, ఆ రాత్రే పిరేయస్ వెళ్లే పెద్ద ఓడలో క్యాబిన్ కొన్నాము. కాటమరాన్లు ఆగిన ఆ గాలిలోనే అది సరిగ్గా సమయానికి బయలుదేరింది. అర్ధరాత్రి దాటాక ఊపు మొదలైంది. ఈసారి ఓడ మధ్య భాగంలో, కింది అంతస్తులో క్యాబిన్ కావాలని అడిగి తీసుకున్నాను, ముందూ వెనకా కంటే అక్కడ కదలిక తక్కువ. నాకు కాస్త తల తిరిగింది. అమ్మను లేపి ఎలా ఉందని అడిగితే, "ఊయల్లో పడుకోబెట్టినట్టుందిరా, నువ్వు పడుకో," అని అటు తిరిగి నిద్రపోయింది.

మా విమానం ఆ తర్వాత మూడో రోజున కాబట్టి ఏమీ నష్టపోలేదు. అదే పిరేయస్‌లో దిగిన రోజునే విమానం పెట్టుకుని ఉంటే, గాలి ఇంకొక్క మెట్టు పెరిగి పెద్ద ఓడ కూడా ఆగి ఉంటే, మూడు విమాన టికెట్లూ పోయేవి. మధ్యలో కనీసం ఒక రాత్రి, గాలుల కాలంలో రెండు రాత్రులు ఉంచుకోవాలి. మళ్లీ వెళితే హెరాక్లియన్‌లో దిగి, దీవి చూసుకుంటూ పడమటికి పోయి, తిరుగు ఓడ సూదాలో ఎక్కుతాను. రెండు టికెట్లు విడివిడిగానే కొంటారు కాబట్టి దానికి అదనపు ఖర్చేమీ ఉండదు. ఈసారి కిటికీ ఉన్న క్యాబిన్ తీసుకుంటాను, రెండు రాత్రులూ గోడ వైపు తిరిగి పడుకున్న అమ్మకు తెల్లవారడం మంచం మీద నుంచే కనిపించాలి.